రేవులో పెద్ద ఓడల ఛాయాచిత్రణ, పర్‌స్పెక్టివ్ సవరణ

కెమెరాను పైకో కిందికో పక్కకో వంచి తీసిన ఫొటోలో ఒకదాని మీదికి ఒకటి ఒరిగినట్టు పడిన గీతలను మళ్లీ నిటారుగా, సమాంతరంగా తేవడాన్ని పర్‌స్పెక్టివ్ సవరణ అంటారు. భవనాల ఫొటోల కోసం రూపుదిద్దుకున్న ఈ పద్ధతి రేవులో కట్టిన పెద్ద ఓడలకూ పనికొస్తుంది, కాని అంత సూటిగా కాదు. భవనం నేల మీద నిటారుగా నిలుస్తుంది, దాని గోడలు చాలావరకు చదునుగా ఉంటాయి. ఓడ నీటి మీద తేలుతుంది. సరుకును బట్టి ఒక పక్కకు ఒరుగుతుంది, ముందుకో వెనక్కో కుంగుతుంది. దాని ఒంట్లో నిజమైన సరళరేఖలు కొన్నే. అందుచేత ఓడ ఫొటోను సరిచేసేవాళ్లకు కెమెరా ఎంత తెలియాలో ఓడా అంత తెలియాలి.

గీతలు ఎందుకు ఒరుగుతాయి

లెన్సు వెనక ఉన్న ఫిల్మ్ లేదా సెన్సర్ తలం ఓడ నిలువు గీతలకు సమాంతరంగా ఉన్నంతసేపు ఆ గీతలు ఫొటోలో నిలువుగానే పడతాయి. జెట్టీ మీద నిలబడి పొగగొట్టం కొస దాకా ఫ్రేములో పట్టాలని కెమెరాను పైకెత్తగానే ఆ సమాంతరత పోతుంది. అప్పుడు నిలువు గీతలన్నీ పైన ఎక్కడో ఒక బిందువు వైపు కుంచించుకుంటాయి. ఓడ వెనక్కి వాలినట్టు కనిపిస్తుంది. ఎత్తయిన డెక్ మీదనుంచి కిందికి చూసి తీస్తే ఇదే తలకిందులుగా జరుగుతుంది. అడ్డు గీతలదీ ఇదే సూత్రం. ఓడ పక్కభాగం సెన్సర్‌కు సమాంతరంగా లేకపోతే డెక్ అంచు, నీటి గీత, జెట్టీ అంచు మూడూ దూరంగా ఒకే బిందువు వైపు సాగిపోతాయి.

ఇక్కడ రెండు సంగతులను కలిపేయకూడదు. గీతలు ఒరగడం కెమెరా చూపు దిక్కును బట్టి ఉంటుంది. దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా కనిపించడం కెమెరా నిలిచిన చోటును బట్టి ఉంటుంది. లెన్సు మార్చితే ఈ రెండోది మారదు. నిలిచిన చోటు మారకపోతే వైడ్ లెన్సుతో తీసినా, టెలిఫొటోతో తీసినా దగ్గరి వస్తువుకూ దూరపు వస్తువుకూ ఉండే నిష్పత్తి ఒకటే. చూపు దిక్కును ఎడిటింగ్‌లో మార్చుకోవచ్చు, నిలిచిన చోటును మార్చుకోలేము. ఓడల విషయంలో ఎడిటింగ్ సామర్థ్యమూ, దాని హద్దూ ఈ తేడాలోనే ఉన్నాయి.

చరిత్ర

ఛాయాచిత్రణ పుట్టిన తొలి దశాబ్దంలోనే ఓడలు కెమెరా ముందుకు వచ్చాయి. 1840లలో వేల్స్‌కు చెందిన కాల్వర్ట్ జోన్స్ స్వాన్సీ రేవులో ఓడలను కాలోటైప్ పద్ధతిలో తీశాడు. ఆ ప్రాంతపు సముద్రంలో ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. నీళ్లు తీసిన వేళ ఓడలు బురదలో కదలకుండా కూర్చుంటాయి, నాటి మందకొడి కాగితపు నెగెటివ్‌లకు అది కలిసొచ్చే స్థితి. ఒక్క నెగెటివ్‌లో పట్టని దృశ్యాన్ని పక్కపక్కన రెండింటిలో తీసి జోడించడం కూడా జోన్స్ చేసిన పనే.

1857లో లండన్ మిల్‌వాల్ ఒడ్డున నిర్మాణంలో ఉన్న గ్రేట్ ఈస్టర్న్‌ను రాబర్ట్ హౌలెట్ ఫొటోలు తీశాడు. దాని పొడవు దాదాపు 211 మీటర్లు. అంతకుముందు ఎవరూ అంత పెద్ద ఓడను కట్టలేదు. అప్పుడు తీసిన వాటిలో అందరికీ గుర్తున్నది ఓడ మొత్తం పట్టిన చిత్రం కాదు. ఓడను నీటిలోకి దించడానికి తెచ్చిన గొలుసుల ముందు ఇంజనీరు బ్రూనెల్ నిలబడిన చిత్రం అది. గొలుసు కడియం ఒక్కొక్కటీ ఎంత ఉందో చూస్తే ఓడ ఎంతదో చూసేవారికి అందిపోతుంది. మొత్తం పట్టనప్పుడు కొలత తెలిపే ఒక భాగాన్ని పట్టడం అనే దారి అప్పటినుంచే ఉంది.

బెల్‌ఫాస్ట్‌లో హార్లాండ్ అండ్ వుల్ఫ్ నౌకానిర్మాణ సంస్థ కోసం రాబర్ట్ వెల్చ్ తీసిన గాజు పలక నెగెటివ్‌లు ఈ రంగంలో ముఖ్యమైనవి. 1910 అక్టోబరు 20న ఒలింపిక్ ఓడను జలప్రవేశం చేయించినప్పుడు దాని ఒంటికి లేత బూడిద రంగు వేశారు. ఫొటోలో ఓడ రూపం స్పష్టంగా రావాలన్నదే కారణం. నల్లరంగు ఒంటిలో వంపులు కలిసిపోతాయి, లేత రంగు మీద నీడలు ఆ వంపులను చూపుతాయి. ఆ పని అయ్యాక ఓడకు మామూలు నల్లరంగు వేశారు.

ఆ కాలపు పెద్ద కెమెరాల్లో లెన్సు పలకను, ఫిల్మ్ పలకను వేర్వేరుగా జరపడానికి, వంచడానికి వీలుండేది. కెమెరాను సమతలంగా ఉంచి లెన్సు పలకను మాత్రం పైకి జరిపితే ఓడ పైభాగం ఫ్రేములోకి వస్తుంది, గీతలు ఒరగవు. పలకను వంచినప్పుడు ఫోకస్ తలం ఎలా మారుతుందో వివరించే సూత్రానికి ఆస్ట్రియా సైనికాధికారి థియోడోర్ షైమ్‌ఫ్లుగ్ పేరు నిలిచింది. 1904 నాటి ఆయన పేటెంట్ బెలూన్ల నుంచి తీసిన ఏటవాలు ఫొటోలను సరిచేయడానికి ఉద్దేశించినది. ఇలా ఫొటో తీశాక ప్రింటింగ్‌లో సవరించడం కంప్యూటర్ కన్నా చాలా ముందే మొదలైంది. డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్ కింద కాగితపు పలకను ఒక పక్క ఎత్తి గీతలను నిటారు చేసుకోవడం దశాబ్దాలపాటు మామూలు పనిగా సాగింది. చిన్న ఫార్మాట్ కెమెరాలకు షిఫ్ట్ లెన్సు 1960ల తొలినాళ్లలో నికాన్ 35 మి.మీ. లెన్సుతో వచ్చింది. 1973లో కెనాన్ జరగడంతోపాటు వంగే 35 మి.మీ. లెన్సును తెచ్చింది. 1998లో హెల్ముట్ డెర్ష్ విడుదల చేసిన పనోరమా టూల్స్ ఈ లెక్కలను సామాన్యుల కంప్యూటర్‌లోకి తెచ్చింది. 2013లో లైట్‌రూమ్ 5లో వచ్చిన అప్‌రైట్ సదుపాయంతో ఇది ఒక్క మీట నొక్కితే అయ్యే పనిగా మారింది.

దూరం, కోణం, లెన్సు

ఓడను తీయడంలో అసలు కష్టం దాని పొడవు. 200 మీటర్ల ఓడను దాని నడుముకు ఎదురుగా 500 మీటర్ల దూరంలో నిలిచి చూస్తే అది దాదాపు 23 డిగ్రీల కోణంలో పరచుకుంటుంది. 36 మి.మీ. వెడల్పున్న ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద 90 మి.మీ. లెన్సుతో ఫ్రేము అంచునుంచి అంచుకు నిండుతుంది. అదే 100 మీటర్ల దూరంలో 90 డిగ్రీలు కావాలి, అంటే 18 మి.మీ. లెన్సు. బెర్త్ మీద 20 మీటర్ల దూరంలో నిలిస్తే ఆ కోణం 157 డిగ్రీలు దాటుతుంది. సరళరేఖలను సరళరేఖలుగా చూపే మామూలు లెన్సు ఏదీ అంత పట్టదు. అక్కడినుంచి తీయగలిగింది ఓడలో ఒక భాగాన్నో, లేదా ముందు కొసన నిలబడి పొడవునా చూసే దృశ్యాన్నో. ఆ దృశ్యంలో 20 మీటర్ల దగ్గర ఉన్న భాగానికీ 200 మీటర్ల దూరాన ఉన్న వెనకభాగానికీ పరిమాణంలో పదింతల తేడా వస్తుంది. చూసేవారు ఓడ ముక్కును చూస్తారు, మిగతా ఓడ దాని వెనక తోకలా ఉంటుంది.

అందుకే ఓడల ఫొటోగ్రాఫర్లు వీలైనంతవరకు రేవుకు ఎదుటి ఒడ్డు, అలల అడ్డుగట్టు కొస, గుట్ట, వంతెన వంటి దూరపు చోట్లు వెతుకుతారు. దూరం పెరిగినకొద్దీ నిలువు గీతల బాధ కూడా దానంతటదే తగ్గుతుంది. ఓడ మొత్తం రూపం చూపాలంటే దూరమే అన్ని సవరణల కన్నా మేలైన సవరణ. ముందుకొస, పక్కభాగం రెండూ కనిపించేలా ఏటవాలుగా తీయడం ఈ రంగంలో స్థిరపడిన పద్ధతి. పేరు, ఆకారం, డెక్ అమరిక అన్నీ ఒకే ఫొటోలో వస్తాయి. పరిశోధనకు పనికిరావాలంటే ఏడంకెల ఐఎమ్‌ఓ సంఖ్య కూడా ఎక్కడో ఒక ఫొటోలో పడాలి. యజమాని, జెండా, పేరు మారినా ఓడకు ఆ సంఖ్య మారదు.

షిఫ్ట్ లెన్సుతో తీయడం (చూ. లెన్సులు)

ఓడ జెట్టీ నుంచి 40 మీటర్ల ఎత్తుందనుకుందాం. కెమెరా మనిషి కళ్ల ఎత్తులో ఉంది. కెమెరాను సమతలంగా, నిలువు ఫ్రేములో ఉంచి, 24 మి.మీ. షిఫ్ట్ లెన్సును 12 మి.మీ. పైకి జరిపితే పైన 51 డిగ్రీల దాకా పడుతుంది. దాదాపు 31 మీటర్ల దూరంనుంచి మాస్ట్ కొస ఫ్రేములోకి వస్తుంది. జరపకుండా అదే లెన్సుతో సమతలంగా తీస్తే 37 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, దానికి 51 మీటర్లు వెనక్కి నడవాలి. చాలా బెర్త్‌ల మీద అంత చోటు ఉండదు. వెనక క్రేన్ పట్టాలో, గోదామో, లారీల దారో అడ్డు వస్తుంది. షిఫ్ట్ లెన్సులో పిక్సెళ్ల నష్టం లేదు. ధర ఎక్కువ, ఫోకస్ చేత్తోనే చేసుకోవాలి, బాగా జరిపినప్పుడు అంచుల్లో పదును కొంత తగ్గుతుంది.

కంప్యూటర్‌లో సవరణ

సాఫ్ట్‌వేర్ చేసేది ఒక తలాన్ని మరో తలం మీదికి మళ్లీ ప్రక్షేపించడం. గణితంలో ఇది మూడు వరుసల, మూడు నిలువుల మాత్రికతో జరుగుతుంది. నాలుగు బిందువులు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లాలో చెబితే మాత్రిక పూర్తిగా తేలిపోతుంది. కెమెరాను అదే చోట ఉంచి తిప్పడంవల్ల వచ్చే తేడా మొత్తం ఈ మాత్రికలో ఒదుగుతుంది. దృశ్యంలో వస్తువులు ఎంత దూరంలో ఉన్నా సరే. కాబట్టి పైకెత్తి తీసిన ఫొటోలో నిలువు గీతలను సరిచేయడం బొమ్మను మోసం చేయడం కాదు. సరైన నిష్పత్తితో చేస్తే కెమెరాను సమతలంగా పట్టి ఇంకా పెద్ద వైడ్ లెన్సుతో తీసిన ఫొటో ఎలా ఉండేదో సరిగ్గా అదే వస్తుంది.

దీనికి మూల్యం ఉంది. 24 మి.మీ. లెన్సుతో అడ్డ ఫ్రేములో 20 డిగ్రీలు పైకెత్తి తీసిన ఫొటోను పూర్తిగా నిటారు చేస్తే పైఅంచు దగ్గర బొమ్మ అడ్డంగా 1.3 రెట్లు, నిలువునా 1.7 రెట్లు సాగుతుంది. అంటే పొగగొట్టం, రాడార్ మాస్ట్, యాంటెనాలు ఉండేచోట ఒక్కొక్క పిక్సెల్ రెండింటికి పైగా చోటు నింపాలి. సన్నని తీగలు, రెయిలింగులు మెత్తబడేది అక్కడే. కింది అంచు కుంచించుకుంటుంది, రెండు పక్కలా త్రికోణాకారంలో ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని కత్తిరించాలి. ఫొటో తీసేటప్పుడే ఓడ చుట్టూ ధారాళంగా ఖాళీ వదిలితే ఆ కోతలో ముందుకొస పోదు.

వరుస ముఖ్యం. మొదట లెన్సు వంపును ప్రొఫైల్‌తో తీసేయాలి. ఎందుకంటే పర్‌స్పెక్టివ్ మాత్రిక సరళరేఖను సరళరేఖగానే ఉంచుతుంది, వంగిన దాన్ని సరళం చేయలేదు. తరువాత ఒరుగు, ఆ తరువాత నిలువు గీతలు, చివర ఎత్తు-వెడల్పు నిష్పత్తి, కోత. ఈ చివరి నిష్పత్తిని చాలామంది మరిచిపోతారు. చాలా సాఫ్ట్‌వేర్లలో నిలువు సవరణ తరువాత ఓడ పొట్టిగానో పొడవుగానో మిగిలిపోతుంది. దాన్ని తేల్చడానికి కంటైనర్ ఓడలో చక్కని కొలబద్ద ఉంది. 40 అడుగుల మామూలు కంటైనర్ పొడవు 12.19 మీటర్లు, ఎత్తు 2.59 మీటర్లు. పక్కనుంచి ఎదురుగా చూసిన ఫొటోలో పొడవు ఎత్తుకు 4.7 రెట్లు రావాలి. ఎత్తు ఎక్కువున్న హై క్యూబ్ రకానికి ఎత్తు 2.90 మీటర్లు కనుక 4.2 రెట్లు. తెర మీద ఒక పెట్టెను కొలిస్తే చాలు, మొత్తం ఫొటో నిష్పత్తి తెలిసిపోతుంది.

అడ్డు గీతల సవరణ వేరే కథ. ఏటవాలుగా కనిపించే ఓడ పక్కభాగాన్ని లాగి దీర్ఘచతురస్రం చేస్తే ఆ ఒక్క తలం సరిగ్గా వస్తుంది. కాని ఆ ఫొటోలో ఓడ ముందు ముఖమూ, డెక్ మీది గదుల ముందు గోడలూ ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. పక్కనుంచి చూసేవారికి అవి కనిపించకూడదు. రెండు చోట్లనుంచి ఒకేసారి చూసినట్టు కంటికి ఇబ్బంది కలుగుతుంది. చూపు దిక్కు మారింది, నిలిచిన చోటు మారలేదు. అందువల్ల ఓడ పూర్తి ఫొటోలో అడ్డు గీతలను వాటి దారిన వదలడం మంచిది.

ఓడ సొంత వంపులు (చూ. నౌకానిర్మాణం)

యంత్రం నిలువు గీతలను తానే వెతుక్కునే సదుపాయం భవనాల దగ్గర బాగా పనిచేస్తుంది, ఓడ దగ్గర తరచూ తప్పుతుంది. ఓడ ముందు అంచు చాలావాటిలో ముందుకు వాలి ఉంటుంది. ముందుభాగం పక్కలు పైకి పోయేకొద్దీ బయటికి విచ్చుకుంటాయి. డెక్ అంచు కొన్ని ఓడల్లో రెండు కొసలవైపు పైకి లేస్తుంది. పొగగొట్టాలూ మాస్ట్‌లూ వెనక్కి వాలి ఉండవచ్చు. ఓడను కట్టిన మోకులు, క్రేన్ చేతులు ఏ కోణంలోనైనా ఉంటాయి. ఇవన్నీ గీతలే, వీటిలో ఏదీ నిలువు కొలతకు ఆధారం కాదు.

ఆధారంగా తీసుకోవలసినవి సిబ్బంది ఉండే గదుల గోడల అంచులు, కంటైనర్ దొంతరల మూలలు, రేవు క్రేన్ కాళ్లు, వెనకున్న భవనాలు. ఇవి ఒకదానితో ఒకటి పొసగకపోతే ఒడ్డు మీద ఉన్నవాటినే నమ్మాలి, ఎందుకంటే ఓడ నిజంగానే ఒరిగి ఉండవచ్చు. సరుకు దించిన ఓడ సాధారణంగా వెనకవైపు కుంగి, ముక్కు ఎత్తి నిలుస్తుంది. దాని డెక్‌ను సమతలం చేస్తే సముద్రం వాలిపోతుంది. నీటి గీతను చూసి ఫొటో ఒరుగును సరిచేయడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఏటవాలుగా చూసినప్పుడు ఓడ నీటిని తాకే గీత, జెట్టీ అంచు ఫొటోలో సమతలంగా ఉండనే ఉండవు. దూరపు సముద్ర క్షితిజం కనిపిస్తే అదే ఆధారం. అది లేని లోపలి రేవుల్లో నిశ్చలమైన నీటి ప్రతిబింబం సాయపడుతుంది. దీపస్తంభం కొస, నీటిలో దాని ప్రతిబింబపు కొస ఒకే నిలువు గీత మీద ఉండాలి.

పూర్తి సవరణ ఎప్పుడూ మేలు కాదు. కింద నిలబడి పైకి చూసే మనిషికి గీతలు కొంత దగ్గరపడతాయన్నది అలవాటే. బొత్తిగా నిటారు చేసిన ఎత్తయిన ఓడ తలబరువుతో ముందుకు పడుతున్నట్టు కనిపిస్తుంది. అనుభవజ్ఞులు గీతల వాలును కొద్దిగా మిగులుస్తారు. ముక్కు కింద నిలబడి తీసిన ఫొటోకైతే సవరణే వద్దు. పైన కమ్ముకొచ్చే ఆ ఇనుప గోడే ఆ ఫొటో విషయం.

అతుకు చిత్రాలు, చీలిక చిత్రాలు (చూ. పనోరమా)

ఒక ఫ్రేములో పట్టని ఓడను పక్కపక్క ఫొటోలుగా తీసి అతకవచ్చు. కెమెరాను లెన్సులోని కాంతి ప్రవేశ బిందువు చుట్టూ తిప్పితే దగ్గరి మోకులు, దూరపు క్రేన్లు ఒకదానికొకటి జరగకుండా అతుకుతాయి. ఫలితాన్ని స్తూపాకార ప్రక్షేపంలో పెడితే జెట్టీ అంచు విల్లులా వంగుతుంది, సరళ ప్రక్షేపంలో పెడితే రెండు కొసలూ విపరీతంగా సాగుతాయి. ఈ రెంటికీ భిన్నంగా జెట్టీ వెంట నడుస్తూ చాలా చోట్లనుంచి తీసి అతికే పద్ధతి ఉంది. పొడవైన వీధుల కోసం అసీమ్ అగర్వాలా, సహచరులు 2006లో దీన్ని వివరించారు. ఓడ ఒంటి తలానికి ఇది బాగా పొసగుతుంది, దాని ముందూ వెనకా ఉన్నవి తెగిపోవచ్చు లేదా రెండుసార్లు రావచ్చు. కాలువలో నెమ్మదిగా కదిలే ఓడను కదలని కెమెరాలో సన్నని చీలిక గుండా వరసగా నమోదు చేస్తే పొడవునా ఏ భాగమూ చిన్నబోని పక్కచిత్రం వస్తుంది. ఓడ వేగానికి, నమోదు వేగానికి పొత్తు కుదరకపోతే అది కుదించుకుపోతుంది, లేదా సాగిపోతుంది.

వెలుతురు, గాలి

దూరంనుంచి టెలిఫొటోతో తీసేవారికి శత్రువు వేడిగాలి. ఎండెక్కాక నీటి మీద, కాంక్రీటు మీద గాలి కదలాడి ఓడ అంచులు వణుకుతాయి. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా బాగుచేయలేదు. పొద్దున్నే తీయాలి. తూర్పు తీరంలో మాత్రం ఉదయం సూర్యుడు సముద్రం వైపు ఉంటాడు కాబట్టి ఒడ్డునుంచి చూస్తే లంగరు వేసిన ఓడ నీడ పక్కే కనిపిస్తుంది. వెలుగు పడిన పక్క కావాలంటే మధ్యాహ్నం దాటాక తీయాలి. లంగరు మీది ఓడ గాలిని, ప్రవాహాన్ని బట్టి తిరుగుతుంది. ఒక పూట ముక్కు చూపినది మరో పూట పక్క చూపుతుంది. రాత్రి పొడవైన ఎక్స్‌పోజర్లలో కట్టిన ఓడ కూడా అలలకు కొద్దిగా ఊగుతుంది. జెట్టీ నిశ్చలంగా వచ్చి ఓడ మసకబారడానికి కారణం అదే.

తెలుగు తీరంలో

విశాఖపట్నం రేవు 1933లో మొదలైంది. సింధియా నౌకానిర్మాణ కేంద్రంలో కట్టిన జల ఉష ఓడను 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. లోపలి రేవుకు పోయే ఇరుకు కాలువ డాల్ఫిన్స్ నోస్ కొండ పాదంలో సాగుతుంది. పైలట్, టగ్‌ల సాయంతో నెమ్మదిగా వచ్చే ఓడ కొండ వెనుతెరగా పక్కనుంచి పూర్తిగా కనిపిస్తుంది. కొండ ఉండటంవల్ల ఓడ పరిమాణం కంటికి తెలుస్తుంది, నిలువు గీతల బెడద ఉండదు.

రామకృష్ణ బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామి దీనికి వ్యతిరేక ఉదాహరణ. 91 మీటర్ల పొడవున్న ఈ ఫాక్స్‌ట్రాట్ తరగతి నౌక పొడినేల మీద ఉంది, దాని పక్కనే నడవవచ్చు, అందువల్ల అందరూ దగ్గరగా వెళ్లి వైడ్ లెన్సుతో తీస్తారు. గుండ్రని ఒంట్లో నిలువు గీత ఒక్కటీ లేదు. కట్టడంలో కాస్త నిటారుగా కనిపించేది పైనున్న బురుజు మాత్రమే. దీన్ని యంత్రానికి వదిలేస్తే దీపస్తంభాలను, తాటిచెట్లను పట్టుకుని లెక్క వేస్తుంది. దీపస్తంభం నమ్మదగినది, గాలికి వంగిన చెట్టు కాదు. కాకినాడ లంగరు రేవులో ఓడలు ఒడ్డుకు దూరంగా ఆగుతాయి, సరుకు పడవల మీద వాటి దగ్గరికి పోతుంది. అక్కడ టెలిఫొటోతో తీసిన చిత్రానికి క్షితిజాన్ని సమతలం చేయడం తప్ప మరే సవరణా అక్కర్లేదు.

అనుమతులు

ఓడలకు, రేవులకు సంబంధించిన అంతర్జాతీయ భద్రతా నియమావళి 2004 జూలై 1 నుంచి అమల్లో ఉంది. రేవు ప్రాంగణంలోకి పాస్ లేకుండా పోవడం, లోపల అనుమతి లేకుండా ఫొటో తీయడం కుదరదు. నిషిద్ధ స్థలాలుగా ప్రకటించిన నౌకాదళ ప్రాంగణాలకు 1923 నాటి అధికార రహస్యాల చట్టం వర్తిస్తుంది. బయటి రోడ్డునుంచి తీస్తున్నామన్నది అక్కడ రక్షణ కాదు, ఆ స్థలాల పరిసరాలు కూడా చట్టం పరిధిలో ఉన్నాయి. డ్రోన్లకు 2021 నిబంధనల ప్రకారం ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలున్నాయి. ఎగరేసే ముందు మ్యాపులో చూసుకోవాలి.

సర్వేలో, ఆధారాల్లో (చూ. ఫొటోగ్రామెట్రీ)

సవరించిన ఫొటో కొలతకూ పనికొస్తుంది. ఓడ నడుము దగ్గర పక్కభాగం చాలావరకు చదును తలం. అక్కడ రాసిన డ్రాఫ్ట్ అంకెలు మెట్రిక్ పద్ధతిలో 10 సెంటీమీటర్ల ఎత్తున, 10 సెంటీమీటర్ల ఎడంతో ఉంటాయి. అంకె అడుగు అంచు నీటిని తాకితే ఆ అంకె చూపేదే లోతు. ఏటవాలుగా తీసిన ఫొటోలో ఆ తలాన్ని ఒక్కదాన్నే మాత్రికతో సరిచేసి, ఆ అంకెలనే కొలబద్దగా వాడి సొట్ట ఎంత వెడల్పుందో, తుప్పు ఎంతమేర పాకిందో లెక్కకట్టవచ్చు. ముందుకొస దగ్గరి వంపు తలానికి ఇది చెల్లదు, అక్కడ అనేక ఫొటోలనుంచి త్రిమితీయ నమూనా తయారుచేయాలి. బీమా వివాదంలోనో ప్రమాద విచారణలోనో సమర్పించే ఫొటోకు సవరించని మూల ఫైలును కూడా జతచేసి, ఏ తలాన్ని ఏ నాలుగు బిందువులతో సరిచేశారో రాసి ఇవ్వాలి. అప్పుడే ఎదుటి పక్షం సర్వేయరు అదే లెక్కను తిరిగి చేసి చూసుకోగలడు.